మూడో బ్యాటరీ మీది పేరు

మా కొండ మీది పెద్దమ్మగారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగిన పూట జవాబు చెప్పరు. "సరే, విన్నాను" అంటారు, అంతే. అడిగినవాళ్ళు అడిగిన సంగతే మరిచిపోయాక, పది రోజులకో నెలకో, కళ్ళెదుట జరిగిన ఏదో ఒక పని చూపించి ఒక్క మాట అంటారు. అర్థం కాలేదని మళ్ళీ అడిగితే చిక్కుడుకాయల చేట ముందుకు తోసి, "ఈనెలు తియ్యండి, చేతులు ఖాళీగా ఉన్నాయి" అంటారు. ఆవిడ ఉపదేశం వినడానికి వచ్చి వంటశాలకి సరిపడా కూరగాయలు తరిగిపెట్టి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు.

త్రినాథరావు గారు ప్రశ్న అడిగింది కూడా ఆ చేట దగ్గరే. ఆయన తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆశ్రమం పనులన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, జేబులో కలం. మాట కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

"అమ్మా, నేను చేసిన పని మీద నా పేరు వేసుకోను. విరాళం ఇచ్చినా మైకులో చదవొద్దంటాను. దండ వెయ్యబోతే వెనక్కి జరుగుతాను. ఇన్ని చేసినా లోపల గర్వం చావడం లేదు. అది ఎక్కడ దాక్కుంటోందో, దాన్ని ఎలా తీసెయ్యాలో మీరే చెప్పాలి" అన్నారు.

పెద్దమ్మగారు ఒక కాయ ఈనె తీసి, దాన్ని రెండుగా విరిచి గిన్నెలో వేశారు.

"విన్నాను త్రినాథం. బండి పని ఎంతవరకు వచ్చింది?" అన్నారు.

మాట మార్చేశారనుకున్నాం అక్కడున్న వాళ్ళమంతా. ఆయన కూడా అలాగే అనుకుని బండి సంగతి చెప్పసాగారు.

ఆ బండి ఏమిటో ముందు చెప్పాలి. మా ఆశ్రమం అనకాపల్లి అవతల, తేనెకొండ మీద ఉంది. వంటశాల, గదులు, గేటు అన్నీ కొండ కింద. పెద్దమ్మగారు పొద్దున పూట మాట్లాడే శాల మాత్రం పైన. మధ్యలో సిమెంటు రోడ్డు, నాలుగు మలుపులు. మూడో మలుపు బాగా నిటారుగా ఉంటుంది. అక్కడికొచ్చేసరికి ఎవరైనా ఆగి ఊపిరి పీల్చుకోవలసిందే. అందుకని దాని పేరే ఊపిరి మలుపు. పెద్దమ్మగారు డెబ్భై ఆరేళ్ళ వయసులో కూడా నడిచే ఎక్కుతారు. ఎక్కలేని ముసలివాళ్ళ కోసం మూడేళ్ళ కిందట ఒక బ్యాటరీ బండి వచ్చింది. పట్నంలో గోల్ఫ్ ఆడే క్లబ్బు వాళ్ళు ఏళ్ళ తరబడి వాడుకుని, పాతబడిపోయిందని ఇచ్చేశారు. తలుపులుండవు, ముందూ మధ్యా వెనకా సీట్లు, పైన చిన్న కప్పు. చూడటానికి పెళ్ళి పల్లకికి చక్రాలు పెట్టినట్టుంటుంది. చదునైన గడ్డి మీద తిరగడానికి పుట్టిన బండి, కొండెక్కమంటే ఎలా ఎక్కుతుంది? ఇద్దరిని ఎక్కిస్తే మూలుగుతూ వెళ్ళేది. ముగ్గురైతే ఊపిరి మలుపు దగ్గర ఆగిపోయేది. దిగి తోసుకోవాలి.

దాన్ని నడిపేది పైడమ్మ. క్వారీలో రాళ్ళు మోసిన మనిషి, చేతులు చూస్తేనే తెలుస్తుంది. క్వారీ మూతపడ్డాక వంటశాలలో గిన్నెలు తోమడానికి వచ్చింది. మొదట ఉన్న డ్రైవరు చెప్పకుండా మానేసిన రోజున, పెద్దమ్మగారు అంట్ల దగ్గరికి వచ్చి, "పైడీ, చేతులు కడుక్కో. బండి నేర్చుకుందువుగాని" అన్నారు. వారం రోజుల్లో నేర్చుకుంది. ఆ రోజు నుంచి బండిని కన్నబిడ్డలా చూసుకుంది. పొద్దున్నే తుడిచి, సీటెత్తి, కింద వరసగా ఉన్న ఆరు బ్యాటరీల మూతలూ తీసి, బ్యాటరీ నీళ్ళు ఎంత తగ్గాయో చూసి పోసేది. ఆ నీళ్ళ డబ్బాలు వంటశాల మూలనే ఉండేవి. పప్పులో ఉప్పు చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకునేది ఆ నీళ్ళు. కానీ దారిలో కూర్చునే మగవాళ్ళు ఊరుకుంటారా?

"పైడమ్మా, బండి నిన్ను మోస్తోందా, నువ్వు బండిని మోస్తున్నావా?" అని ఒకరు.

"రాళ్ళు తోసిన చెయ్యి కదా, అలవాటే" అని ఇంకొకరు.

ఆమె నవ్వి ఊరుకునేది. నవ్వు మలుపు తిరిగేదాకానే ఉండేదని వంటశాలలో పనిచేసే నాకు తెలుసు.

ఆ ఏడాది ఆశ్రమం వార్షికోత్సవం ముందు కమిటీ కూర్చుంది. కమిటీకి పెద్ద ముత్యాలనాయుడు గారు. ఆయన మాట ఒకటే. "వార్షికం నాడు బండి ఆరుగురిని కూర్చోబెట్టుకుని మలుపు దాటాలి. దాటకపోతే బండి అమ్మేద్దాం. డ్రైవరుతో సహా ఒక వ్యాను మాట్లాడుకుందాం." అంటే పైడమ్మ మళ్ళీ అంట్ల దగ్గరికి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. పైడమ్మ మాత్రం మర్నాడు పొద్దున్నే వంటశాలకొచ్చి, తను ఇదివరకు కూర్చుని గిన్నెలు తోమిన పీటను ఒకసారి చూసి వెళ్ళింది.

ఇంకో సంగతి కూడా ఉంది. పైకి ఎక్కలేని ముసలమ్మలు అయిదుగురు కింద గదుల్లోనే ఉంటారు. బండి వచ్చినా అందరినీ ఒక్కసారి తీసుకెళ్ళలేకపోయింది. ఒక్కొక్కరినీ వదిలి రావాలంటే మధ్యలో చార్జింగ్ అయిపోయేది. అందుకని మూడేళ్ళుగా వార్షికం నాడు పెద్దమ్మగారి మాటలు కింద మైకులోనే వింటున్నారు. వాళ్ళలో అచ్చియ్యమ్మ గారికి ఎనభై ఎనిమిదేళ్ళు. పైన శాల కట్టినప్పుడు ఇసుక తట్టలు నెత్తిన మోసిన మనిషి. "నాను మోసిన ఇసక మీద అందరూ కూకుంటున్నారు, నాను తప్ప" అనేవారు.

బండికి బలం పెంచాలంటే ఏం చెయ్యాలో చెప్పడానికి అనకాపల్లి నుంచి జిలానీ అనే మెకానిక్ వచ్చాడు. సీటెత్తి చూసి విడమరిచి చెప్పాడు. ఒక్కో బ్యాటరీ ఆరు వోల్టులు, ఆరు కలిపితే ముప్పై ఆరు. దాన్ని నలభై ఎనిమిది చేస్తే మలుపు ఎక్కుతుంది. ఈ ఆరూ తీసేసి, అవే గళ్ళల్లో ఎనిమిది వోల్టులవి ఆరు కొత్తవి పెట్టాలి. కరెంటును అదుపు చేసే పెట్టె మార్చాలి, చార్జరు మార్చాలి, వైర్లు లావుపాటివి వెయ్యాలి. మోటారు గట్టిది, ఓర్చుకుంటుంది. "మోటారుకి ఇన్నాళ్ళూ సగం అన్నం పెట్టి పని చేయించారు సార్" అన్నాడు.

అన్నీ ఒప్పుకున్నారు త్రినాథరావు గారు. పాత బ్యాటరీలు తీసెయ్యడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ ఆరూ ఆరుగురు దాతలు ఇచ్చినవి. మా దగ్గర ఫ్యాను ఇచ్చినా రెక్క మీద పేరు రాస్తారు. బ్యాటరీలు సీటు కింద చీకట్లో ఉంటాయి, ఎవరికీ కనపడవు. అయినా పెయింటరు సింహాచలం తెల్లరంగుతో ఒక్కోదాని మీదా గుండ్రటి అక్షరాలతో పేర్లు రాశాడు. ఫలానా వారి దంపతులు అని ఒకటి, ఫలానా వారి కుమార్తె వివాహ సందర్భముగా అని ఒకటి. మూడోదాని మీద, కీర్తిశేషులు మాణిక్యాంబ గారి జ్ఞాపకార్థం అని. ఇచ్చినవారి పేరు లేదు. ఉండదు. అది ఇచ్చింది త్రినాథరావు గారు, మాణిక్యాంబ గారు ఆయన తల్లి.

"దాతల పేరున్న వస్తువుని పాత ఇనుములో పడేస్తామా? అది మర్యాదేనా?" అన్నారాయన. "ఆరు ఆర్ల ముప్పై ఆరు. ఇంకో రెండు కొత్త ఆర్లు వెనక పెట్టు. ఎనిమిది ఆర్ల నలభై ఎనిమిది. నీకు కావలసిన లెక్క వచ్చిందా లేదా?"

"లెక్క వస్తుంది సార్. కానీ కొత్తవీ పాతవీ ఒక వరసలో కట్టకూడదు. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వెళ్ళే కరెంటు సార్ అది. ఒక్కటి నీరసపడినా మొత్తం నీరసపడుతుంది."

"ఎక్కాల్లో లేని నీరసం బ్యాటరీల్లో ఉంటుందా? కట్టవయ్యా" అన్నారు.

జిలానీ పైడమ్మ వంక చూశాడు. పైడమ్మ ఏదో చెప్పబోయి, పైట చెంగు సర్దుకుని నేల చూసింది. కొత్త పెట్టె, కొత్త చార్జరు, లావుపాటి వైర్లు అమిరాయి. వెనక సీటు కింద ఇనుప చట్రం కట్టి రెండు కొత్త బ్యాటరీలు కూర్చోబెట్టారు.

వార్షికం నాలుగు రోజులుందనగా బండిని పరీక్షించారు. ఆరుగురు మనుషుల బరువుకి ఆరు బియ్యం బస్తాలు ఎక్కించారు. కింద చదును మీద బండి పరుగు చూసి అందరం నోళ్ళు తెరిచాం. అంతకుముందు దాని పక్కన నడిచిపోయే కోళ్ళు ఆ రోజు ఎగిరి గోడెక్కాయి. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. త్రినాథరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని, మరీ అంత సంతోషం కనపడకూడదన్నట్టు మెల్లగా నడుస్తూ వచ్చారు. ఊపిరి మలుపులో సగానికి వచ్చేసరికి బండి ఒక్కసారి ఉలిక్కిపడి, టక్కున ఆగిపోయింది. సీటు కింది నుంచి కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది. పైడమ్మ కాలుతో బ్రేకు నొక్కిపట్టి, చేత్తో పక్కనున్న కమ్మీ పట్టుకుని, బస్తాలతో సహా బండి వెనక్కి జారకుండా ఆపింది. జిలానీ పరుగెత్తి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు.

ముత్యాలనాయుడు గారు గోడ మీద కూర్చుని చూస్తున్నారు. "బండిది కాదు తప్పు, తొక్కుడుది. ఒక మగాడు తొక్కి ఉంటే ఎక్కేది. వ్యానుకి కబురు పెట్టేస్తాను" అన్నారు.

పైడమ్మ బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. మొహం మాత్రం రాయిలా అయింది.

పెద్దమ్మగారు శాల నుంచి దిగి వస్తూ అక్కడికి చేరారు. ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగారు. పైడమ్మ దగ్గర నిలబడి, "పైడీ, నీళ్ళు పోసేది నువ్వే కదా. ఇందులో ఏది ఎక్కువ తాగుతోందే?" అని అడిగారు.

పైడమ్మ త్రినాథరావు గారి వైపు ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా, "మూడోదమ్మా" అంది.

"మిగతావి బాగున్నాయా?"

"ముసిలివే అయినా సేసీ పని సేత్తన్నాయి. మూడోదానికి పొద్దుట పోస్తే సందేలకి మళ్ళీ దాహం."

త్రినాథరావు గారికి ఆ మాట నచ్చలేదు. "ఊరికే నోటితో చెప్పడం కాదు, కొలిచి చూపించు" అన్నారు జిలానీతో. జిలానీ మీటరు తీసి ఒక్కోదానికీ రెండు వైర్లూ ఆనించాడు. అన్నీ ఆరుకి అటూ ఇటూగానే చూపించాయి, మూడోది కూడా.

"చూశావా? అన్నీ శుభ్రంగా ఉన్నాయి" అన్నారు త్రినాథరావు గారు.

"నించుని ఉన్నప్పుడు అందరూ బలవంతులే సార్" అన్నాడు జిలానీ. "పైడమ్మా, ఆ రాళ్ళు అలాగే ఉంచి ఒకసారి తొక్కు."

పైడమ్మ తొక్కింది. రాళ్ళ మధ్య బండి పళ్ళు కొరికినట్టు శబ్దం చేసింది. జిలానీ వంగి, మీటరు ఒకదాని నుంచి ఒకదానికి మారుస్తూ, ఏ బ్యాటరీ అన్నది తెలియడానికి దాని మీది పేరు చదివి, పక్కనే అంకె చెబుతూ పోయాడు. వేరే ఊరివాడు, ఏ పేరు ఎవరిదో అతనికేం తెలుసు?

"దంపతులు, అయిదున్నర. కుమార్తె వివాహం, అయిదుంపావు. కీర్తిశేషులు మాణిక్యాంబ గారు... రెండే."

జిలానీ తలెత్తి అందరి మొహాలూ చూసి, ఏదో పొరపాటు మాట అన్నానని మాత్రం గ్రహించి, మీటరు జేబులో పెట్టుకున్నాడు. ముత్యాలనాయుడు గారు కూడా గోడ దిగి నిలబడ్డారు.

త్రినాథరావు గారు పైడమ్మ వైపు తిరిగారు. "నీకు ముందే తెలుసా?"

"ఉగాది కాణ్ణించి తెలుసు బాబూ."

"తెలిసి చెప్పలేదేం? నీ బండి పోతుందని తెలిసి కూడా?"

"ఎలా సెప్పేది బాబూ?" అంది పైడమ్మ. "నెలకోపాలి తమరొచ్చి, సీటెత్తమంటారు. ఆ పేరు సూసి దండమెట్టుకుని ఎల్తారు. అలాటప్పుడు మీయమ్మ పాడైపోనాది, తీసెయ్యండి అని నాను ఏ నోటితో సెప్పేది? బండి పోతే గిన్నెలున్నాయి. ఆ మాట అన్నాక నాను మీ మొకం ఎలా సూసీది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు. అలా చేత్తో పట్టుకునే బండి దగ్గరికి వెళ్ళి, సీటు కింద చెయ్యి పెట్టి, మూడో బ్యాటరీ మీది తెల్ల అక్షరాలు వేళ్ళతో తడిమారు. వేడిగా ఉందేమో, చెయ్యి వెనక్కి తీశారు. పెద్దమ్మగారు అటు చూడలేదు. పైకి పోయే దారి చూస్తూ నిలబడ్డారు.

"జిలానీ, నువ్వు మొదట చెప్పినట్టే చెయ్యి" అన్నారాయన చివరికి. "ఆరూ తీసెయ్యి. మొదట నాది తీసెయ్యి."

నట్లు విప్పాక దాన్ని ఎత్తడానికి ఆయనే వంగారు. ముప్పై కిలోల బరువు, ఆయన వల్ల కాలేదు. పైడమ్మ వచ్చి రెండో వైపు పట్టుకుంది. పెద్ద మనిషినో పెళ్ళికూతురినో దింపుతున్నట్టు ఇద్దరూ దాన్ని నెమ్మదిగా కిందికి దింపారు.

"ఇప్పుడు దీన్నేం చేస్తారు?" అని ఆయన జిలానీని అడిగారు.

"కరిగిస్తారు సార్. సీసం ఎక్కడికీ పోదు. మళ్ళీ కొత్త బ్యాటరీయే అవుతుంది."

"మరి పేరు?"

"పేరు పైన డబ్బా మీదే కదా సార్ ఉంది" అన్నాడు జిలానీ.

మర్నాడు త్రినాథరావు గారు పాత ఆరూ, కొత్త రెండూ ఆటోలో వేయించుకుని జిలానీతో తనే అనకాపల్లి వెళ్ళారు. ఎనిమిది వోల్టులవి ఆరు తెచ్చారు. మిగతా దాతలకి ఏమని చెప్పారో తెలియదు గానీ, ఒక్కరూ కోపం తెచ్చుకోలేదు. ఒకాయన మాత్రం, "అయితే మా అమ్మాయి పెళ్ళి మళ్ళీ చెయ్యక్కర్లేదు కదా" అన్నాడట. పెయింటరు సింహాచలం రంగు డబ్బాతో దిగిపోయి, ఏ బ్యాటరీ మీద ఏ పేరు రాయాలో చెప్పమన్నాడు. ఎవరూ చెప్పలేదు. "డబ్బా మూత తీసేశానండీ, రంగు ఎండిపోతుంది, ఏదో ఒకటి రాయనివ్వండి" అని గొడవ. ఆఖరికి బండి ముందు భాగం మీద, కింది నుంచి చూసినా కనపడేలా, ఇంతలేసి అక్షరాలతో దారి ఇవ్వండి అని రాసి పోయాడు. మూడేళ్ళలో ఆ బండికి ఎవరూ దారి ఇవ్వవలసిన అవసరం రాలేదు. అందుకే ఆ అక్షరాలు చూసి అందరూ నవ్వారు. పైడమ్మ నవ్వలేదు. తడి ఆరాక ఎవరూ చూడకుండా వేలితో కూడబలుక్కుని చదువుకుంది.

వార్షికం నాడు పొద్దున ఏడు గంటలకి బండి గేటు దగ్గర నిలబడింది. ముసలమ్మలు అయిదుగురూ ఉతికిన చీరలు కట్టుకుని ఎక్కారు. ఆరుగురు కావాలి కదా, ఆరో మనిషిగా నన్ను ఎక్కించి, ఒళ్ళో పులిహోర గిన్నె పెట్టారు. నేను వద్దంటే పైడమ్మ, "నువ్వూ గిన్నే కలిపితేనే నిజమైన బరువు, ఎక్కు" అంది. ముందు సీట్లో అచ్చియ్యమ్మ గారు. వెనకాల నడుచుకుంటూ త్రినాథరావు గారు. బండి జారితే చక్రం కింద పెట్టడానికి ఆయన చేతిలో ఒక పెద్ద రాయి. ఆ రాయి ఇంకెవరికైనా ఇమ్మని జిలానీ ఎంత చెప్పినా ఇవ్వలేదు.

రెండు మలుపులు ఎలా దాటామో తెలియలేదు. ఊపిరి మలుపు ముందు దారి పొడుగునా జనం. ముత్యాలనాయుడు గారు సరిగ్గా రోడ్డు మధ్యలో, చేతులు కట్టుకుని నిలబడ్డారు. పైడమ్మ ఆపలేదు. నిటారుకి రాగానే బండి వేగం తగ్గింది. నేను గిన్నె గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కింది నుంచి తుమ్మెద రొదలా ఒకటే సన్నని మోత, ఎక్కడా తెగలేదు. ఆ మోత అలాగే ఉంది, మేం వెనక్కి వాలిపోతున్నాం, బండి ఎక్కుతోంది.

"ఒసే పైడీ, కాస్త నెమ్మదిగా తోలవే! నా పేణం ఇంకా రెండో మలుపులోనే ఉంది, అది కూడా రానీ!" అని అచ్చియ్యమ్మ గారు కేక పెట్టారు.

కళ్ళు తెరిచేసరికి ముత్యాలనాయుడు గారు పంచె ఎత్తిపట్టుకుని గోడ పక్కకి తప్పుకుంటున్నారు. ఆయన ఎదురుగా దారి ఇవ్వండి అన్న అక్షరాలు. పైడమ్మ ఆయన వైపు తల తిప్పి చూడలేదు. నడుం నిటారుగా పెట్టి, పైట ఒకసారి సర్దుకుని, పెద్ద బస్సు తోలేవాళ్ళలాగా చక్రం మీద రెండు చేతులూ వేసి ముందుకే చూసింది. ఆమె మెడ అంత పొడవుగా ఉంటుందని అంతవరకు నాకు తెలియదు. వెనకాల ఏదో దబ్బుమని పడిన శబ్దం. తిరిగి చూస్తే, త్రినాథరావు గారి చేతిలోని రాయి రోడ్డు మీద ఉంది. ఆయన రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నారు. జేబులో కలం జారి పడితే తొక్కుకుంటూ వచ్చేశారు. "ఎక్కేసింది! మన బండి ఎక్కేసింది!" అని అరుస్తున్నారు. ఆయన అరవడం తాలూకా ఆఫీసు గోడలు కూడా విని ఉండవు. ఆ చప్పట్లు దారి పొడుగునా అంటుకున్నాయి.

శాల ముందు బండి ఆగాక పైడమ్మ దిగి, అచ్చియ్యమ్మ గారిని చెయ్యి పట్టి దింపింది. ఆవిడ గడప దగ్గర వంగి, నేలని అరచేత్తో తట్టి, "నా ఇసకే ఇది" అన్నారు. లోపలికి వెళ్ళి అందరికంటే ముందు కూర్చున్నారు. వ్యాను మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు పైడమ్మ పదకొండు సార్లు కొండెక్కి దిగింది. పదకొండు సార్లూ ఊపిరి మలుపు దగ్గర పనేమీ లేకపోయినా ఎవరో ఒకరు చూడటానికి నిలబడే ఉన్నారు. మా బండిని చూడటానికే.

జనమంతా భోజనాలు చేసి వెళ్ళాక, మధ్యాహ్నం పెద్దమ్మగారు కింద వంటశాల అరుగు మీద కూర్చున్నారు. మర్నాటికి చిక్కుడుకాయలు చేటలో ఉన్నాయి. త్రినాథరావు గారు వచ్చి, చెప్పకుండానే కూర్చుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టారు. విరిగిన కలం మళ్ళీ పెట్టుకున్నారేమో, చొక్కాకి జేబు దగ్గర సిరా మరక. సగం చేట అయ్యాక నోరు విప్పారు.

"అమ్మా, గర్వం ఎక్కడ దాక్కుంటోందని మిమ్మల్ని అడిగాను. ఎక్కడుందో నలుగురిలో బయటపడింది. పేరు రాయించుకోననుకుంటూ, మా అమ్మ పేరు వెనకాల నేనే దాక్కున్నాను. నా మూలంగా ఆ పైడమ్మ పని పోయేది. ఇక ఇది పూర్తిగా తీసెయ్యాలి. ఇప్పుడైనా దారి చెప్పండి."

పెద్దమ్మగారు చేతిలో కాయ పట్టుకుని ఆయన వంక చూశారు. అంతసేపు ఆవిడ ఎవరి వంకా చూడటం నేను ఎరగను.

"మలుపు దగ్గర రాయి పారేసి చప్పట్లు కొట్టావు. చిన్నపిల్లాడిలా గెంతావు. ఒళ్ళంతా పొంగిపోయింది నీకు. అది ఎవరి పేరున పొంగావు త్రినాథం?"

ఆయన చెప్పబోయారు. పెదవులు కదిలాయి, పేరు ఏదీ రాలేదు. అవతల కుళాయి దగ్గర పైడమ్మ బండి కడుగుతోంది. చక్రాలు అయ్యాక, దారి ఇవ్వండి అన్న అక్షరాల మీద తడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడుస్తోంది. త్రినాథరావు గారు అటు చూస్తూ ఉండిపోయారు.

పెద్దమ్మగారు ఆ కాయ విరిచి గిన్నెలో వేసి, చేట ఆయన వైపు కొంచెం జరిపారు.

"ఆ పొంగుని మాత్రం తీసెయ్యకు" అన్నారు.